నేను అదనంగా వేసిన ఇరవై మూడు సూదులు

1982వ సంవత్సరం. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో క్షయ వార్డుకు నేను ఇన్‌చార్జి సిస్టర్ని. ఇరవై ఆరు పడకల వార్డు. అప్పటికి అక్కడ చేరి పదమూడేళ్లయింది. ఎస్తేరమ్మ సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదని వెలుగోడు వైపు నుంచి వచ్చే రోగులు కూడా చెప్పుకునేవారు. ఆ మాట నా ముందు ఎవరైనా అంటే విననట్టు నటించేదాన్ని. ఇంటికి పోయి మాత్రం మా ఆయనకు రెండుసార్లు చెప్పుకునేదాన్ని.

ఆ ఏడు జూన్‌లో సుగుణ అనే అమ్మాయి నా కింద నర్సుగా చేరింది. ఊరు ఆళ్లగడ్డ. వయసు ఇరవై నాలుగు. సూది వేయడంలో నా అంత చెయ్యి లేదు. పడకల మీద దుప్పట్లు కూడా సరిగా పరిచేది కాదు. కానీ రోగి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "ఏం పని చేస్తావు తాతా? ఇంట్లో వంట పొయ్యి యాడుంది? బీడీలు ఎన్ని తాగుతావు?" అని అడిగేది. వాళ్లు చెప్పింది ఓపికగా వినేది. రెండు నెలలు తిరక్కుండానే, పొద్దున్నే నేను వార్డులోకి అడుగుపెడితే, "చిన్న సిస్టరమ్మ రాలేదా?" అని నన్నే అడగడం మొదలుపెట్టారు.

అక్కడితో ఆగినా బాగుండేది. డాక్టరు గారు రౌండ్స్‌కు వచ్చినప్పుడు, ఒక ముసలాయనకు రాత్రిపూట మాత్రమే దగ్గు ఎక్కువవుతోందని సుగుణ నేరుగా ఆయనకే చెప్పింది. ఆయన మందు మార్చాడు. ముసలాయన కుదుటపడ్డాడు. "చూశారా సిస్టర్, ఈ అమ్మాయికి కళ్లున్నాయి" అన్నాడు డాక్టరు గారు నాతో. పదమూడేళ్లలో ఆయన నాతో అలాంటి మాట ఒక్కటి అనలేదు. ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు సుగుణను పక్కకు పిలిచి, "వార్డులో ఏం గమనించినా ముందు నాకు చెప్పాలి. డాక్టరు గారికి చెప్పేది నేను" అన్నాను. అంతకు ముందు మా వార్డులో అలాంటి పద్ధతి లేదు. ఆమె కోసమే పెట్టాను.

సెప్టెంబరులో వీరాచారి వచ్చి చేరాడు. ఆళ్లగడ్డలో గుళ్లకు విగ్రహాలు చెక్కే శిల్పి. నలభై నాలుగేళ్లు. బక్కచిక్కి, నాలుగు అడుగులు వేస్తే ఆగి ఊపిరి పీల్చుకునే స్థితిలో ఉన్నాడు. వెంట భార్య ఓబుళమ్మ. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పైభాగం నిండా ఆవాలు చల్లినట్టు తెల్లని చుక్కలు. కళ్లె మూడుసార్లు పరీక్షించినా క్షయ క్రిమి కనబడలేదు. అయినా దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో చుక్కలు ఉంటే ఆ రోజుల్లో మందు మొదలుపెట్టేవాళ్లం. అందులో తప్పు లేదు. క్రిమి కనబడే దాకా ఆగితే మనిషి దక్కడు. రోజూ మాత్రలు, రోజూ ఒక స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను. ఆ సూది వేసేది నేనే.

అయితే వీరాచారి మాట్లాడేది మాత్రం సుగుణతో. ఇద్దరిదీ ఒకే ఊరు. ఒకరోజు మందుల బల్ల దగ్గర నిలబడి వాళ్ల మాటలు విన్నాను.

"ఎన్నేండ్ల నుంచి చేస్తాండావన్నా ఈ పని?"

"పదకొండేండ్లప్పుడు ఉలి పట్టినా."

"మరి ఆయాసం ఎప్పటి నుంచి?"

"మిషను వచ్చినంక. కరెంటు మిషను. నాలుగేండ్లాయ. ఉలితో కొడితే రాయి పెచ్చులు లేచి కాళ్ల కాడ పడతాయి. మిషను పెడితే పిండి లేస్తాదమ్మా. ఎదురుగా ఉండే మనిషి కనపడడు. సాయంత్రానికి మీసాలు, కనుబొమ్మలు అన్నీ తెల్లగయితాయి."

పదమూడేళ్లలో నేను ఏ రోగినీ ఇలా అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. అది గుర్తొచ్చి ఆమె మీద ఇంకా మండింది.

అక్టోబరు మొదటి వారంలో సుగుణ సెలవు రోజున ఊరికి పోయి వచ్చింది. వచ్చీ రాగానే నా దగ్గరికి వచ్చింది. "అక్కా, వీరాచారి పనిచేసే కొట్టానికి పోయి చూసొచ్చినా. ఆడ మిషను పట్టే ముగ్గురికీ ఆయాసమే. ఉలి పని చేసే ముసలోళ్లు బాగున్నారు. ఓబుళమ్మకు గానీ పిల్లోళ్లకు గానీ దగ్గన్నదే లేదు. టీబీ అయింటే ఇంట్లో ఒగరికన్నా అంటుకోదా? కళ్లెలో కూడా ఏమీ లేదు. ఇది రాతిపిండి జబ్బేమో అనిపిస్తాండాది. సారుకు చెప్తావా?"

"చెప్తాలే" అన్నాను.

మర్నాడు రౌండ్స్‌లో డాక్టరు గారు వీరాచారి పడక దగ్గర ఆగాడు. మాట నాలుక దాకా వచ్చింది. చెప్తే ఆయన ఏమంటాడో కళ్లకు కట్టింది. "ఎవరు గమనించారు?" అని అడుగుతాడు. సుగుణ అని చెప్పాలి. ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి నవ్వుతాడు. నేను నోరు మూసుకుని తర్వాతి పడక కేస్ షీట్ అందించాను. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడూ అంతే. మూడో రోజుకు, నిన్న మొన్న ఎందుకు చెప్పలేదని అడుగుతాడేమోనన్న భయం కూడా తోడయింది. సుగుణ ఒకసారి అడిగింది, "చెప్పినావా అక్కా?" అని. "చూస్తామన్నారు" అన్నాను. ఆమె నమ్మింది.

పదిహేడు రోజులు అలా పోయాయి. ఒక పొద్దున సూది వేస్తుంటే వీరాచారి, "సిస్టరమ్మా, చెవుల్లో ఈగలు తిరుగుతాండట్టు ఉంటాది. లేస్తే కండ్లు తిరుగుతాండాయి" అన్నాడు.

స్ట్రెప్టోమైసిన్ కొందరిలో చెవి లోపలి నరాన్ని పాడుచేస్తుంది. ముందు చెవిలో హోరు, తూలుడు వస్తాయి. అప్పుడే ఆపకపోతే వినికిడి పోతుంది. పోయింది మళ్లీ రాదు. ఇది నాకు కొత్త సంగతి కాదు. కింద పనిచేసే ప్రతి అమ్మాయికీ నేనే నేర్పేదాన్ని. కానీ చెవి సంగతి ఎత్తితే డాక్టరు గారు కేసంతా మొదటి నుంచి తిరగేస్తాడు. సుగుణ మాట బయటపడుతుంది. నేను దాచింది కూడా బయటపడుతుంది.

"నీరసం లే ఆచారీ. పాలు తాగు" అని సూది వేశాను.

ఇంకా ఐదు రోజులు వేశాను. సుగుణ చెప్పిన నాటి నుంచి లెక్కిస్తే ఇరవై మూడో సూది వేసిన మర్నాటి పొద్దున వీరాచారి వసారాలో గోడ పట్టుకుని నడుస్తూ తూలి పడ్డాడు. నుదురు చిట్లింది. సుగుణ పరుగెత్తి లేవదీసింది. ఆమె పక్కనే నిలబడి మాట్లాడుతుంటే, అతను ఆమె పెదాల వైపు చూసి, "ఏందీ? గట్టిగ చెప్పు" అన్నాడు.

డాక్టరు గారు వచ్చేసరికి సుగుణ ఆగలేకపోయింది. "సార్, ఆ రాతిపిండి సంగతి ఏం చేసినారు?"

"ఏ రాతిపిండి?" అన్నాడు ఆయన.

సుగుణ నా వైపు చూసింది. ఆయనా చూశాడు. "మర్చిపోయినాను సార్" అన్నాను.

ఆయన సుగుణ చెప్పిందంతా విన్నాడు. ఇంజెక్షను ఆపమని రాశాడు. పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే రెండూ కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. అగ్గిపుల్ల గీసి వీరాచారి నోటికి జానెడు దూరంలో పెట్టి, పెదాలు ముడవకుండా నోరు తెరిచి ఊదమన్నాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి సులువుగా ఆర్పేస్తాడు. వీరాచారి మూడుసార్లు ఊదాడు. మంట వంగి మళ్లీ లేచింది. ఫిల్ములు కర్నూలులో పెద్ద డాక్టరుకు పంపారు. జవాబు వచ్చింది. క్షయ కాదు. సిలికోసిస్, అంటే రాతిధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు.

మన ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు కొమ్మల్లా చీలుతూ పోయి చివర ద్రాక్షగుత్తుల్లాంటి చిన్న చిన్న తిత్తుల దగ్గర ఆగుతాయి. గాలి నెత్తురులో కలిసేది అక్కడే. మామూలు దుమ్ము ముక్కులోనో గొట్టాల తడిలోనో చిక్కుకుని కళ్లెతో బయటికి వచ్చేస్తుంది. మిషను లేపే పిండిలో కంటికి ఆనని రేణువులు ఉంటాయి. అవి తిత్తుల దాకా పోతాయి. వాటిని మింగి శుభ్రం చేయడానికి వచ్చిన కణాలు ఆ రాతికి అవే చచ్చిపోతాయి. అక్కడ మచ్చ గట్టిపడుతుంది. మచ్చ పడిన చోట తిత్తి సాగదు, గాలి పట్టదు. ఎక్స్‌రేలో మేము చూసిన ఆవగింజలు ఆ మచ్చలే. వాటిని కరిగించే మందు లేదు. చేయగలిగిందల్లా ఇంకా ధూళి లోపలికి పోకుండా చూడటమే.

డాక్టరు గారు ఇదంతా ఓబుళమ్మకు చెప్పి వెళ్లిపోయాక, ఆమె నా దగ్గరికి వచ్చింది. కోపంగా కాదు, తెలుసుకోవాలని అడిగింది. "టీబీ కానప్పుడు ఇన్ని సూదులు ఎందుకు యేసినారమ్మా?"

నేను పని ఉన్నట్టు మందుల గదిలోకి పోయాను.

వీరాచారి ఇంటికి పోయాడు. తూలుడు కొంత తగ్గింది గానీ వినికిడి రాలేదు. జనవరిలో ఒక ఆదివారం, ప్రార్థనకు కూడా పోకుండా ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎందుకు పోతున్నానో మా ఆయనకు చెప్పలేదు. ఊరి చివర వాళ్ల కొట్టం. మిషను మూల పడి ఉంది. ఇద్దరు శిల్పులు రాతి మీద నీళ్లు చల్లుకుంటూ ఉలితో చెక్కుతున్నారు. సుగుణ వచ్చి అలా చేయమని చెప్పిందట. తడి రాయి నుంచి పిండి లేవదు.

వీరాచారి ఒక కొత్త రాయి ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన ఓబుళమ్మ. అతను చిన్న సుత్తితో రాతిని అక్కడక్కడా తట్టి ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. ఆమె, "మోగింది... మోగింది... ఈడ మొద్దుగా ఉండాది" అని చేతితో చూపుతోంది. విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు ఇలా తట్టి చూస్తారట. గంటలా మోగితే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. ముప్పై ఏళ్లుగా తన చెవితో ఎంచుకున్న మనిషి అతను.

అతని ముందు కూర్చుని, "ఆచారీ, సుగుణ ముందే చెప్పింది. నేను డాక్టరుకు చెప్పలేదు" అన్నాను.

"ఏందీ?" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మళ్లీ చెప్పాను.

"వినపడల్యా సిస్టరమ్మా. గట్టిగ చెప్పు."

గొంతు పెంచాను. "సుగుణ ముందే చెప్పింది! నాకు ఓర్వలేనితనం! అందుకే డాక్టరుకు చెప్పలేదు! నీ చెవులు నా వల్లనే పోయినాయి!"

ఉలి చప్పుళ్లు ఆగిపోయాయి. శిల్పులిద్దరూ తల తిప్పి చూశారు. ఓబుళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరాచారి సుత్తి కింద పెట్టాడు.

"ఆ పాపకు చెప్పినావా ఈ మాట?"

లేదని తల ఊపాను.

"ముందు ఆయమ్మకు చెప్పు పో" అన్నాడు. నీళ్లు తాగమని కూడా అనలేదు. అనకపోవడమే న్యాయం.

సోమవారం డ్యూటీకి పోగానే సుగుణను మందుల గదిలోకి పిలిచాను. ఎంతో కూడగట్టుకుని, "ఆ రోజు నేను మర్చిపోలేదు" అన్నాను.

సుగుణ దూది చుడుతూ తల ఎత్తకుండా, "నాకు తెలుసక్కా. నువ్వు మర్చిపోయే మనిషివి కాదు" అంది.

మూడు నెలలుగా అన్నీ తెలిసి కూడా ఆ అమ్మాయి నన్ను అక్కా అనే పిలుస్తోంది. ఎవరితోనూ చెప్పలేదు. ఆ మంచితనాన్ని చూసి కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు మళ్లీ అసూయే కలిగింది. ఆ వారమే డాక్టరు గారి దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన నన్ను ఇన్‌చార్జి పని నుంచి ఏడాది పాటు తప్పించాడు. ఆ ఏడాది ఆ కుర్చీలో సుగుణ కూర్చుంది. నేను ఆమె కింద పనిచేశాను.

వీరాచారి ఇంకో ఆరేళ్లు బతికాడు. చివరి రెండేళ్లు రాతి మీద గీతలు గీసి ఇవ్వడమే, చెక్కే ఓపిక లేదు. కొట్టంలో మిగతా ఇద్దరికీ జబ్బు ముదరలేదు. ఆ తర్వాత మా వార్డుకు ఆయాసంతో ఎవరు వచ్చినా, ఎక్స్‌రే తీయకముందే నేను అడిగే మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తావప్పా?" అవుకు వైపు నాపరాయి పనివాళ్లు, నంద్యాల పత్తి మిల్లుల్లో దూది దుమ్ము పీల్చే ఆడవాళ్లు, పొగ పొయ్యి ముందు బతుకంతా కూర్చున్న అవ్వలు, ఆ ఒక్క ప్రశ్నతోనే సగం జబ్బు చెప్పేసేవారు.

ఇది చెప్పినప్పుడల్లా ఈ వృత్తిలోకి వచ్చే అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, ఆ అసూయను ఎట్లా పోగొట్టుకున్నావమ్మా అని. పోగొట్టుకోలేదు. సుగుణ బదిలీ అయి ఊరు విడిచిన రోజు నా గుండె తేలికయింది, అబద్ధం ఎందుకు? కానీ ఆమె ఉన్న ఆ నాలుగేళ్లూ, ఆమె గమనించిన ప్రతి సంగతీ కేస్ షీట్‌లో నా చేత్తో రాశాను. చివర ఆమె పేరు కూడా రాశాను. ఒక్కోసారి పళ్లు కొరుక్కుంటూ రాశాను. రోగికి కావలసింది ఆ రాత ఒక్కటే. రాసేటప్పుడు నా కడుపులో ఏం రగులుతోందో అతనికి అనవసరం.