నాకు లేని కిడ్నీ జబ్బు

అప్పట్లో మా ఉద్దానంలో మనిషి కాస్త చిక్కితే ఎవరూ మెచ్చుకునేవారు కాదు. వేరే ఊళ్లలో అయితే ఏం తింటున్నావు, రోజూ ఎంత నడుస్తున్నావు అని ఆరా తీస్తారట. మా ఊళ్లో నేరుగా "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అని కిడ్నీ పరీక్ష అంకే అడిగేవారు. వీధికి ఇద్దరు ముగ్గురు కిడ్నీలు పాడై మంచం పట్టిన చోట, చెంపలు లోపలికి పోయిన మనిషి ఎదురైతే పలకరించే గొంతు దానంతటదే ఒక మెట్టు దిగిపోయేది. అలాంటి ఊళ్లో పుట్టి, ఒళ్లు తగ్గించుకోవడానికి పనిగట్టుకుని విశాఖపట్నం వెళ్లి కడుపు కోయించుకుని వచ్చిన మొదటి మనిషిని నేనే. ఈ ఘనత మా ఊళ్లో సగం మందికి ఇప్పటికీ తెలియదు. తెలిసిన సగం మంది నమ్మలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. నా బరువెంతో ఇక్కడ రాయను (సిగ్గుపడి కాదు, మా ఊరి మందుల షాపులో ఉన్న మిషను ముల్లు ఆ అంకె దాకా వెళ్లేది కాదు). బళ్లో చదివేటప్పుడే నాకు 'పిక్కల బస్తా' అని పేరు పెట్టారు. జీడిపిక్కలు నింపిన బస్తా ఎలా ఉంటుందో మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు కాబట్టి ఆ పేరుకు వివరణ అవసరం పడలేదు. పలాస ఆటో ఎక్కితే డ్రైవరు నేను ఏ పక్కన కూర్చున్నానో చూసి, తతిమ్మావాళ్లను రెండో పక్కకు సర్దేవాడు. పెళ్లిభోజనాల్లో ఎవరో ఒకరు నా ఎదుట నిలబడి, "ఇంకో నాలుగు బూరెలు ఎయ్యండ్రా, మన గుంట మొగమాటపడతంది!" అని వడ్డనవాళ్లను కేకేసేవారు. నేను తినేదాన్ని. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వుతూ తినేదాన్ని. నవ్వకుండా తింటే ఇంకా ఎక్కువ నవ్వుతారని చిన్నప్పుడే తెలిసిపోయింది.

ఆ ఏడాది ఒంట్లో షుగరు బయటపడింది. మెట్లెక్కమంటే మోకాళ్లు మొండికేశాయి. పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వచ్చేది. ఆ చప్పుడుకు పక్క గదిలో నాన్న లేచి కూర్చునేవాడు. విశాఖలో డాక్టరుగారు కాగితం మీద కడుపు బొమ్మ గీసి, అందులో ముప్పావు భాగం కొట్టేసి, "ఇంత తీసేస్తాం, మిగిలింది అరటికాయంత ఉంటుంది" అన్నారు. నాన్న ఆ బొమ్మను చాలాసేపు చూసి, "మిగిలిన దాంట్లో బువ్వ పడతాదా బాబూ?" అని అడిగాడు. అమ్మ మాత్రం బొమ్మ వంక చూడలేదు. ఆమె బెంగంతా ఊరి గురించే. ఆపరేషన్ అయ్యాక రైల్లో తిరిగొస్తూ, పలాస స్టేషన్ రాకముందే నా చేత ఒట్టు వేయించుకుంది.

"ఎవులడిగినా గాలిబ్లేడర్లో రాళ్లని సెప్పు. కొవ్వుకి ఆపరేషనంటే నవ్వుతారు. తిన్నన్నాళ్లు తినీసి, ఇప్పుడు కోయించుకుందంతారు."

గాల్‌బ్లాడర్ అనే మాటను అమ్మ తన జీవితంలో ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు. పలకడం రాని జబ్బు గురించి ఎవరూ ఎక్కువ ప్రశ్నలు వేయరని ఆమె ధైర్యం.

ఇంటికొచ్చాక నా కంచం, గ్లాసు అన్నీ ఒక మందుసీసా మూతే. దాంతోనే నీళ్లు, దాంతోనే పల్చటి మజ్జిగ, వడగట్టిన పప్పు తేట, ఉప్పూ కారం లేని కోడి చారు. గుక్కకూ గుక్కకూ మధ్య ఆగాలి. తొందరపడితే రొమ్ము కింద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుండేది. విచిత్రమేమిటంటే కడుపులో ఆకలి లేదు. ఆకలంతా ముక్కులోకి, కళ్లలోకి వచ్చి చేరింది. పక్కింట్లో ఎండు నెత్తళ్ల చేపలు వేపుతుంటే, నూనె ఎంత పోశారో, ఉల్లిపాయ ఎప్పుడు పడిందో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. ఫోన్లో వంటల వీడియోలు చూస్తూ పడుకునేదాన్ని. ప్రొటీన్ పొడి కలిపిన పాలు తాగితే గోడకు కొట్టే సున్నం గుర్తొచ్చేది (సున్నం ఎప్పుడూ తాగలేదు గాని, ఇంతకంటే బాగుంటుందనే నా నమ్మకం). పుట్టిన దగ్గర్నుంచి "తినకే, తినకే" అని నా కంచం లాక్కున్న అమ్మ, ఇప్పుడు నేను మూతతో తాగుతుంటే చూడలేక కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయేది.

పరామర్శకు జనం రాసాగారు. అమ్మ గుమ్మంలోనే గాలిబ్లేడర్ సంగతి మొదలుపెట్టేది. వాళ్లు తల ఊపుతూ లోపలికొచ్చి, నా చేతిలోని మూత చూసి, తల ఊపడం మానేసేవారు. మా ఊళ్లో నీళ్లు కొలుచుకుని తాగే మనిషంటే ఒక్కటే అర్థం.

"రాళ్లయితే నాలుగు రోజులకి లేసి తిరుగుతారు. ఈ గుంట మొకం సూసినావా, ఎలా పీక్కుపోయిందో! ఇది ఆ జబ్బేనే," అని బయట అరుగు మీద గుసగుసలాడుకునేవారు. (గుసగుస అని మర్యాదకు రాస్తున్నాను. సముద్రపు హోరుకు అలవాటుపడిన గొంతులు, నాకు మంచం మీదికే స్పష్టంగా వినబడేవి.) ఆ వారంలోనే నన్ను బస్తా అనడం అందరూ మానేశారు. చచ్చిపోయే మనిషిని అలా పిలవడం బాగుండదనుకున్నారు కాబోలు.

అందరిలోకీ ఎక్కువ కంగారుపడినవాడు మా ఎదురింటి కొబ్బరి మావ. రక్త సంబంధం లేదు, వరస మాత్రమే. ఒకప్పుడు ఉద్దానం తోటల్లో కాయలు కొని లారీలకెత్తించేవాడు. కూలీలు చాలకపోతే తనే బస్తా భుజాన వేసుకుని పరుగెత్తేవాడు. అప్పటికి అతని కిడ్నీలు రెండూ పోయి, పలాస ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తున్నాడు. పొంగిన కాళ్లు, నల్లబడిన మొహం, చేతిలో కర్ర. అతను వచ్చేసరికి నేను గ్లాసులోని కొబ్బరినీళ్లు మూతతో తాగుతున్నాను. నాకు అనుమతించిన వాటిల్లో మనిషన్నవాడు తాగదగ్గది అదొక్కటే.

"ఒలే గుంటా! పారబొయ్యి! పారబొయ్యే దాన్ని!" అని గుమ్మంలోంచే కేకేసి, కర్ర వదిలేసి వచ్చి, నా పక్కనున్న గ్లాసెత్తి కిటికీలోంచి పారబోశాడు. "నీకెవులూ సెప్పనేదా? మనలాటోళ్లు బొండం నీళ్లు తాగితే గుండె ఆగిపోతాది. బతుకంతా కొబ్బరికాయల్లోనే గడిసింది, నానే సుక్క ముట్టను. నువ్వు తాగుతావేటే?"

"డాక్టరే తాగమన్నారు మావా," అన్నాను నీరసంగా.

"ఏ డాక్టరు? ఆడికేటి తెలుసు!"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కళ్లతోనే ఒట్టు గుర్తుచేసింది. ఆ రోజుతో నాకు కొబ్బరినీళ్లు కూడా పోయాయి.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లని రోజుల్లో మావ సాయంత్రమయ్యేసరికి మా అరుగు మీద ఉండేవాడు. దాహాన్ని ఎలా మోసం చెయ్యాలో నేర్పాడు. నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్యడం, మంచుముక్కను చెంపలో దాచుకోవడం, నిమ్మచెక్క వాసన చూడటం. "మరీ తట్టుకోనేకపోతే ఎవులితోనైనా మాటాడు. మాటల్లో పడితే మరిసిపోతావు," అనేవాడు. అలా మేమిద్దరం మాటల్లో పడేవాళ్లం. తనకు కలలో బావి కనిపిస్తుందనీ, గట్టు మీద బోర్లా పడుకుని బాల్చీలో మొహం పెట్టి తాగుతుంటాననీ చెప్పాడు. నాకు నెత్తళ్ల వేపుడు కనిపిస్తుందని చెప్పాను. తెగ నవ్వాడు. నా తిండి గురించి ఒకరు నవ్వితే నాకు మంటపుట్టకపోవడం అదే మొదటిసారి. నిజం చెప్పాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. కానీ పక్కన అంత ప్రేమగా కూర్చున్న మనిషితో, "నీది జబ్బు మావా, నాది తిండి ఎక్కువై" అని ఎలా అనడం?

మెత్తటి తిండి మొదలైంది. మెత్తగా గుజ్జు చేసిన ఇడ్లీ, జావలాంటి అన్నం, అదీ చెంచాలతో. ఒకరోజు అమ్మ పెరట్లో స్నానం చేస్తుంటే వంటింట్లోకి వెళ్లి చేపల పులుసు గిన్నె మీద మూత తీశాను. వాసన చూద్దామనే. తర్వాత రుచి చూద్దామని. ఆ తర్వాత ఏం జరిగిందో నాకూ సరిగ్గా తెలియదు. నాలుగు ముద్దలు నమలకుండానే లోపలికి పోయాయి. మరుక్షణం రొమ్ము పట్టేసింది, నోటినిండా లాలాజలం ఊరింది, చెమటలు పోశాయి. పెరటి గోడ పట్టుకుని వాంతి చేసుకుంటుంటే ఆ శబ్దానికి వీధవతల నుంచి మావ వచ్చాడు. నిలబడటానికే కర్ర కావలసిన మనిషి, ఒక చేత్తో నా నుదురు పట్టుకుని, రెండో చేత్తో వీపు నిమిరాడు.

"వాంతులు మొదలైపోనాయా తల్లీ," అన్నాడు. తలెత్తి చూస్తే కళ్లలో నీళ్లు. "భయపడకు. నానున్నాను గదా. పలాసలో నా మంచం కాడ నర్సమ్మకి, పక్క మంచాలోళ్లకి, అందరికీ సెప్పీసినాను, మా పిల్ల వొత్తాదని. మొదటిరోజు నానే తీసుకెల్తాను. సూది గుచ్చినప్పుడే నొప్పి. నీ సెయ్యి నాను పట్టుకుంటాను."

ఇంక చెప్పేద్దామని నోరు తెరిచాను. మాటకు బదులు చేపముక్క వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆశా కార్యకర్త వచ్చింది. మావే వెళ్లి పిలుచుకొచ్చాడు. వెనకాల వీధి వీధంతా వచ్చి అరుగు నిండిపోయింది.

"కొత్త కేసని మావ సెప్పేడమ్మా. పాత రిపోర్టులుంటే సూపించండి. రక్తం తీయించాల," అంది ఆమె.

అమ్మ మొదట గాలిబ్లేడర్ అంది. ఎవరూ వినలేదు. "దాసితే దాగే జబ్బేటమ్మా," అందొకామె. "పిల్ల బతుకు కంటే పరువెక్కువా?" అందింకొకామె. నెలరోజులుగా బిగబట్టిన అమ్మ అక్కడ తెగిపోయింది.

"మా పిల్లకి కిడ్నీ నేదు, గిడ్నీ నేదు! కిడ్నీలు బంగారంలాగున్నాయి. కొవ్వమ్మా, కొవ్వు! తిండి ఆపుకోనేక ఒళ్లు పెరిగిపోతే కడుపు కోయించి తెచ్చినాం! ఇప్పుడు తెలిసిందా అందరికీ? ఎల్లండి!"

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "ఓలమ్మో, తిండి తగ్గడానికి కోయించుకుందట!" అన్నారు. అరుగంతా గొల్లుమంది. నాకు కిడ్నీలు బాగున్నాయన్న సంతోషం కూడా అందులో ఉండే ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అనుకోలేదు. నవ్వని మనిషి ఒక్కడే. మావ నా దగ్గరికొచ్చాడు.

"నిజమేనా?"

"నిజమే మావా."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

మావ కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. ఎప్పుడూ మా మెట్టు దిగడానికి నా భుజం పట్టుకునేవాడు. ఆ రోజు పట్టుకోలేదు.

మళ్లీ మా ఇంటికి రాలేదు. కొంచెం ఓపిక వచ్చాక నేనే వెళ్లాను. అత్త, అంటే మావ భార్య, లోపలికి రమ్మని సైగ చేసింది. మావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పట్టెమీద కూర్చున్నాను.

"ఒంట్లో మంచిగున్నదాన్ని కోసి పారేయించుకున్నావు నువ్వు," అన్నాడు ఇటు తిరగకుండానే. "పాడైపోయిందాన్ని మోసుకు తిరుగుతున్నాను నాను. దేవుడికి లెక్కా పత్రం నేదు."

"మంచిగున్నది కాదు మావా. ఎంత తిన్నా నిండీదే కాదు అది. అందరూ నవ్వుతున్నా కూడా తినీదాన్ని. పడుకుంటే ఊపిరాడీది కాదు. నాదీ జబ్బే. నువ్వు పేరు తప్పు పెట్టుకున్నావు, అంతే."

మావ మెల్లగా ఇటు తిరిగాడు.

"కోసిన ముక్క ఏటి సేసినారు?"

"తెలీదు మావా. పారేసుంటారు."

"నాలుగూళ్ల పెళ్లిళ్లు తిన్న ముక్క! ఉత్తినే పారేసినారా?"

అత్త పకాలున నవ్వింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మావ పెదవి కూడా కదిలింది గాని, వెంటనే బిగించేశాడు. "నవ్వితే నోరెండిపోతాది. ఎల్లవే," అని మళ్లీ గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత ఎదురుపడితే పలకరించేవాడు. "బాగున్నావేటే?" అనేవాడు. మా అరుగు మాత్రం ఎక్కలేదు. పలాసలో నర్సమ్మకు, పక్క మంచాలవాళ్లకు నా గురించి ఏమని చెప్పుకున్నాడో నేను అడగలేదు.

నేను నెలనెలా తగ్గుతూ వచ్చాను. షుగరు మాత్రలు మానేశాను. ఆటోలో ఎక్కడ కూర్చున్నా డ్రైవరు పట్టించుకోవడం మానేశాడు. ఊరు మాత్రం మళ్లీ మొదటికొచ్చింది. కొవ్వు తీయించుకున్నదయితే ఇంకా ఇంకా ఎందుకు చిక్కుతుంది, పరువు కోసం తల్లి ఆ రోజు కొవ్వని బొంకింది, అసలు జబ్బు అదే అని తేల్చుకున్నారు. అమ్మ కొన్నాళ్లు పోట్లాడి, ఓపిక లేక వదిలేసింది.

కొన్నేళ్లకు మావ పోయాడు. పెద్దకర్మ నాడు అందరితోపాటు నేనూ భోజనానికి కూర్చున్నాను. ఆకులో బూరె, పులిహోర, పప్పు, వంకాయ కూర. వడ్డించే కుర్రాడు అన్నం గరిటె ఎత్తగానే వెనక నుంచి ఒకాయన గొంతు తగ్గించి, "ఆవిడికి ఎక్కువ ఎయ్యకురా. కిడ్నీ మనిషి, పాపం," అన్నాడు. నేను కాదనలేదు. నెమ్మదిగా నమిలి నాలుగు ముద్దలు తిన్నాను; నిండిపోయింది. మిగతావాళ్లు తింటుంటే చూస్తూ కూర్చున్నాను. అందరి నవ్వుల మధ్యా తలెత్తకుండా తింటూ పోయిన ఆ లావుపాటి పిల్ల గుర్తొచ్చింది. దానికి నిజంగానే జబ్బుండేది. అప్పుడు పరామర్శకు ఒక్కరూ రాలేదు. ఎంత ఆకలిగా ఉండేదో, పాపం. నాలో నేనే చిన్నగా నవ్వుకుని, ఆకు మడిచి లేచాను.