అంచు పడుగుకు కట్టిన రివాల్వర్

నారాయణపేటలో ట్రక్కు దిగేసరికి ఉదయం పదకొండు. ఏప్రిల్ మొదటి వారం. ఎర్రనేల, నల్ల గుండ్లు, పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి. మాకిచ్చిన మకాం ఊరి బయట ఒక పాత సరాయి. రెండు గదులు, రేకుల వసారా, చేదబావి. మేం అయిదుగురం: కరీంనగర్ వైపు హవల్దార్, కోస్తా నుంచి వచ్చిన వైర్‌లెస్ ఆపరేటర్, తుపాకులు విప్పి బాగుచేసే ఆర్మరర్, డ్రైవరు, నేను. బావి నీళ్లు ఉప్పగా ఉన్నాయని డ్రైవరు ఆ పూటంతా సణిగాడు.

పని సులువుగానే కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధానికి పోయొచ్చిన సిపాయిలు కొందరు రివాల్వర్లు, బాకులు ఇళ్లకు తెచ్చుకున్నారు. నెలాఖరు సాయంత్రం నాలుగు గంటల లోపల తెచ్చిస్తే కేసు లేదు, రసీదు ఇచ్చి పంపేస్తాం. నాలుగు దాటాక దొరికితే పోలీసులకు అప్పగింత, జైలు. యాభైల మొదటి రోజులవి. తుపాకీ అన్న మాట వింటేనే ఇళ్ల తలుపులు మూసుకునేవి. అందుకని చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో డప్పు కొట్టించాం.

నేను హుజూర్‌నగర్ దగ్గరివాణ్ణి. మా నాయిన కూలికి పోయేవాడు. యుద్ధం అయిపోయాక సైన్యంలో చేరాను కాబట్టి బర్మా చూసొచ్చిన వాళ్లంటే నాకు భక్తి, కొంచెం అసూయ కూడా. వాళ్లు తెచ్చిన ఆయుధాలు చూశాక రెండూ తగ్గాయి. ఒకాయన బాయొనెట్‌ను నేలలో దిగ్గొట్టి బర్రెను కట్టేస్తున్నాడు. రెండు వైపులా పదునున్న బాకుతో ఒక ముసలావిడ వంకాయలు కోస్తోంది. "గిది మీకిస్తె నేను కూరెట్ల కొయ్యాలె?" అని మమ్మల్ని మూడు సార్లు వెనక్కి పంపింది. చివరికి సంతలో కత్తిపీట కొనిచ్చి ఆ బాకును విడిపించుకున్నాం.

నెలాఖరు రోజు మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒక మనిషి ఎడమ కాలు ఈడ్చుకుంటూ వసారాలోకి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. వేళ్లకు గంజి ఎండి అంటుకుని ఉంది. మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. మా డ్రైవరు కొట్టే సెల్యూట్ కంటే బాగుంది.

"నా పేరు నర్సింహులు సాబ్. నేతోణ్ణి. బర్మాల పనిచేసిన. నా దగ్గర ఒక రివాల్వర్ ఉన్నది. అమాసకు తెచ్చిస్త. సాలునా?"

"అమాస ఎప్పుడు?" అన్నాడు హవల్దార్.

"ఇంక మూడొద్దులున్నది."

హవల్దార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నెలాఖరు ఇయ్యాల్నే గదనే. నాలుగింటికి."

"గదేంది సాబ్. నెల అమాసకు గద అయిపొయ్యేది."

ఆదేశం రాసినవాడు క్యాలెండరు చూసి రాశాడు. ఈ ఊళ్లకు నెలంటే అమావాస్య నుంచి అమావాస్య. డప్పు కొట్టినవాడు 'నెలాఖరు' అని మాత్రమే అరిచాడు. నెల్లాళ్లూ ఆ వసారాలో కూర్చున్న మాకెవరికీ ఈ సంగతి తట్టలేదు.

"మరి ఇప్పుడే పోయి తీస్కరా," అన్నాడు హవల్దార్.

"రాదు సాబ్. మగ్గానికి కట్టి ఉన్నది. చీర కోసినంక తీస్త."

లోపలి నుంచి వైర్‌లెస్ ఆపరేటర్ అందుకున్నాడు. "నాలుగింటికి పై ఆఫీసుకు జాబితా పంపేయాలండి. ఆ తర్వాత ఒక్క పేరు కూడా చేర్చనివ్వరు."

హవల్దార్ నా వైపు తిరిగాడు. "నువ్వు ఎంట పో. నాలుగు లోపల మనిషి, రివాల్వర్ రెండూ ఈడ ఉండాలె. లేకపోతే రేపు ఈయన్ని పట్టిచ్చేది మనమే."

మైలున్నర నడక. ఎండకు రైఫిల్ గొట్టం కాలిపోతోంది. రెండుంబావుకు చేరాం. ఒకటే గది, అందులో గుంట మగ్గం. నర్సింహులు భార్య లచ్చమ్మ గుంటలో కాళ్లు పెట్టుకుని ఎర్రంచు చీర నేస్తోంది. అంచు పడుగును, అంటే అంచుకు నిలువుగా సాగే దారాలను, విడిగా దూలం మీదుగా తెచ్చి, బిగువు కోసం చివర ఒక గుడ్డ మూట వేలాడదీశారు. ఆ మూట కింద నర్సింహులు తల్లి రాట్నం పెట్టుకుని కండెలు చుడుతోంది.

"మూటల ఉన్నది. చూసినోళ్లు ఇసుక అనుకుంటరు. అవ్వకు గూడ తెల్వది," అన్నాడతను నా చెవిలో.

ఎవరికీ తట్టని జాగా. మెచ్చుకున్నాను, తిట్టుకున్నాను కూడా. "దాని జాగల రాయి కట్టుకోరాదే అన్నా?"

జవాబు లచ్చమ్మ చెప్పింది. "బరువు ఎక్కువ తక్కువైతే అంచు ముడుసుకుంటది తమ్మీ. సగం చీర ఒక తీరు, సగం ఒక తీరు ఉంటె ఎవ్వలు కట్టుకుంటరు?"

ఇంకా రెండు గజాల నేత మిగిలి ఉంది. అయినా మూట విప్పి రాళ్లు కట్టి చూశాం. ఒకటి బరువెక్కువ, ఒకటి తక్కువ. మూడోది తాడులోంచి జారి నా బూటు మీద పడింది. రెండూ యాభై. గొంతు తడుపుకుందామని నడుముకున్న నీళ్ల సీసా తీశాను. తాగకుండా దాన్నే తాడుకు కట్టాను.

లచ్చమ్మ అంచు దారాల మీద వేళ్లు వేసి చూసింది. "జర ఎక్కువైంది." కొంచెం నీళ్లు పారబోశాను. "ఇంక జర." మళ్లీ పోశాను. ఆమె రెండు పోగులు నేసి, అంచును వేలితో నిమిరింది. "గిప్పుడు సరిపాయె."

మూడుంబావు. రివాల్వర్ చేతిలోకి తీసుకున్నాను. విప్పి చూడకుండా ఏ ఆయుధాన్నీ కదిలించకూడదన్నది మా మొదటి పాఠం. విప్పబోయాను, రాలేదు. గంజి, నూలు దుమ్ము కలిసి గట్టిగా పట్టేశాయి.

"ఖాళీదే. ఆరు తూటాలు బర్మాల్నే ఖర్చయినయ్," అన్నాడు నర్సింహులు.

బర్మా చూసొచ్చిన మనిషి మాట కదా, నమ్మాను. హావర్‌సాక్‌లో వేసి వీపున తగిలించుకున్నాను. అతని చెయ్యి నా భుజం మీద వేసుకుని సగం నడిచాం, సగం పరిగెత్తాం. మూడూ యాభైకి సరాయి చేరాం.

ఆర్మరర్ కిరసనాయిలు పోసి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. రివాల్వర్ విచ్చుకుంది. అతను లోపలికి చూసి, ఒక తూటా తీసి బల్ల మీద నిలబెట్టాడు.

"అయిదే ఖర్చయినయ్," అన్నాడు. తర్వాత మళ్లీ మూసి ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది. "పనిచేస్తున్నది."

నర్సింహులు నేల మీద కూలబడ్డాడు. "మూతి కిందికే ఏలాడుతుండె. మా అవ్వ గాడనే కూసుంటది. ఆరేండ్ల సంది గాడనే."

మైలున్నర దూరం దాన్ని నా వీపు మీద ఎగరేసుకుంటూ వచ్చాను. హవల్దార్ నన్ను ఒక్క చూపు చూశాడు. తిట్టడానికి వ్యవధి లేదు.

"జాబితాలో ఇంకో పేరు ఉంది, ఓవర్," అన్నాడు వైర్‌లెస్ ఆపరేటర్.

"టైము మూడూ యాభై ఎనిమిది. చెప్పండి, ఓవర్," అంది అటు నుంచి గొంతు.

అతను పేరు అక్షరం అక్షరం చెప్పాడు. అటు నుంచి అందిందన్నారు. నర్సింహులు ముఖం తుడుచుకుంటూ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పలేను. "ఈయనకు చాయ్ పొయ్యిర్రి," అన్నాడు హవల్దార్. నేనూ ఒక కప్పు తాగాను. ఉప్పు నీళ్ల చాయ్ అంత బాగుంటుందని అనుకోలేదు.

మర్నాడు ఏడింటికి బయలుదేరాలి. సామాను లెక్క చూస్తే నా నీళ్ల సీసా లేదు. అయిదు నిమిషాలిచ్చి, ట్రక్కును నేతవాళ్ల వీధి మీదుగా పోనిమ్మన్నాడు హవల్దార్.

గడపలో నిలబడ్డాను. సీసా అక్కడే వేలాడుతోంది. కింద అవ్వ, రాట్నం.

"అడుగు కారుతాంది తమ్మీ. తగ్గినకొద్ది చెంబుతోని పోసుకుంట నేస్తున్న," అంది లచ్చమ్మ. "పొద్దుగూకే వరకు చీర అయిపోతది. తీస్కపోతవా?"

"ఉండనియ్యి వదినా," అన్నాను.

సీసా పోగొట్టినందుకు పద్నాలుగు రోజులు అదనపు పహరా వేశారు. సంతోషంగా చేశాను. తర్వాత సెలవు మీద ఇంటికి పోతూ నార్కట్‌పల్లిలో బస్సు మారాను. ఇంటికి చేరాక ఊళ్లో అందరూ అడిగారు, బర్మా కత్తులు ఎట్లుంటాయి, రివాల్వర్లు ఎట్లుంటాయి అని. అడిగినదంతా చెప్పాను. కానీ కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది అవి కాదు. ఆ గడపలోంచి చూసిందే. సీసా అడుగున ఒక చుక్క ఊరి, సాగి, అవ్వ తెల్లటి నడినెత్తిన పడింది. ఆమె పైకి చూడలేదు. అరచేత్తో తడి తుడుచుకుని మెడకు రాసుకుంది. "సల్లగున్నది," అనుకుంటూ రాట్నం తిప్పింది.