దారం పట్టి నిలబెట్టిన జెండాలు

ఇసుక దిబ్బ అంచున కాళ్లకు స్కీ చెక్కలు కట్టుకుని నిలబడ్డ ముసలి ఇంజనీరు, కిందికి చూసి ఆగిపోయాడు. వంగి పట్టీలు విప్పేశాడు. "ఈ జెండాలు ఎవరు కదిలించారు?" అని నన్ను అడిగాడు.

అరబ్బు ఎడారిలో యుద్ధం ముగిసిన ఏడాది హఫర్ అల్ బాతిన్ దగ్గర మా పనివాళ్ల క్యాంపు ఉండేది. ఇంజనీరు మంచుదేశం మనిషి. తన తాత చెక్కిన స్కీలతో శుక్రవారాలు ఆ దిబ్బ మీద జారేవాడు. ఆ పాత పద్ధతి తనతో పోకూడదని మా నిజామాబాద్ మేస్త్రీకి నేర్పుతున్నాడు. పేలని గుండ్లు వెతికి తీసినంత మేర సైనికులు రెండు వైపులా ఎర్ర జెండాలు పాతారు. వాటి మధ్యనే జారాలన్నది ఆయన పెట్టిన నియమం.

ఆయన ప్రశ్నను పక్కనే ఉన్న మేస్త్రీకి తెలుగులో చెప్పాను.

"నేనే అన్నా," అన్నాడు సంబరంగా. "గాలికి కొన్ని పడ్డయి. మిగిలినయి వంకరటింకర ఉండె. దారం వట్టి అన్నీ సీదా నిలబెట్టిన. గోడ లెక్క లేదా?"

"గోడ కాదయ్యా," అన్నాను. "సైనికులు వెతికిన మేరే అట్లా వంకరగా ఉంది."

మేస్త్రీ గబగబా దిబ్బ అంచుకు వచ్చాడు. "జెండాలు వీకిన పాత గుంతలు జూపిస్త ఆగు," అని దిగబోతే ఇంజనీరు చొక్కా పట్టుకుని ఆపాడు. గుంతలను ఇసుక ఎప్పుడో పూడ్చేసింది.

సైనికులు అప్పటికే వెళ్లిపోయారు. దిబ్బలో ఎంత మేర వెతికారో నేను క్యాంపు వదిలేనాటికీ తేలలేదు.