లైన్ ఇచ్చాం

ఆ సబ్‌స్టేషన్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. లైన్‌మన్‌గా చేసే బావమరిది "బావా, బావా" అని వెంటపడుతుంటే, చివరికి అందరికీ స్విచ్చు బావ అయిపోయాడు. ఇరవై ఆరేళ్లు అదే స్విచ్చు బోర్డు ముందు, అదే కాళ్లూగే కుర్చీలో కూర్చున్నాడు.

ప్రపంచమంతటికీ ఒకే కరెంటు గ్రిడ్ వచ్చాక ఆయన బోర్డు మీది స్విచ్చు పిడికి సీలు వేశారు. ఇక కరెంటు తీసేదీ ఇచ్చేదీ సముద్రాల అవతలి కంట్రోల్ రూమువాళ్లే. ఈయన పని ఫోన్ చేసి అడుక్కోవడం. మనకు చీకటి పడితే అవతలివాళ్ల ఎండ కరెంటై వస్తుందని ఊదరగొట్టారు. కరెంటు పోవడం మానేసిన మాట నిజమే, కాదంటే కళ్లు పోతాయి. కానీ పని తెలిసిన చేతిని కట్టేసి, ఊరికే చూస్తూ కూర్చోమంటే ఎవరికి మండదు?

ఆ ఉదయం బావమరిది టవరెక్కి తీగను పట్టి ఉంచే పింగాణీ చిప్పల్లో పగిలినవి మార్చాలి. లైన్‌మన్ల భాషలో "లైన్ ఇవ్వండి" అంటే, కరెంటు తీసేసి లైన్ మా చేతికివ్వండని. ఆయన అదే మాట ఫోన్లో అన్నాడు. మధ్యలో భాష మార్చే మిషనుకు ఆ సంగతేం తెలుసు? లైన్లో కరెంటు ఇవ్వమంటున్నాడని చెప్పింది. అవతలివాళ్లు చూసుకున్నారు, కరెంటు నిక్షేపంగా ఉంది. "లైన్ ఇచ్చాం" అన్నారు.

"ఎక్కరా" అని ఈయన బావమరిదికి ఫోన్ చేశాడు. లైన్లో కరెంటు లేదని పరీక్షించాకే ఎక్కాలన్నది రూలు, కానీ బావ చెప్పాడంటే వాడు ఇంకేమీ పరీక్షించడు.

ఫోన్ పెట్టేసి తలెత్తితే బోర్డు మీద ఆ లైన్ మీటరు ముల్లు సున్నాకు దిగలేదు. మళ్లీ ఫోన్ చేస్తే వాడు ఎత్తలేదు. సీలు తెంపి పిడిని ఒక్క గుంజు గుంజాడు. అప్పటికే టవరెక్కి తీగకు మూరెడు దూరంలో ఉన్న బావమరిది బతికిపోయాడు.

చెప్పాపెట్టకుండా లైన్ ఆపేసరికి, దాని మీదుగా కరెంటు అందే రెండు దేశాల్లో పదకొండు నిమిషాలు కరెంటు లేదు. ముగ్గురు ఆఫీసర్లు విచారణకు ఊడిపడ్డారు. టవర్ మీద మనిషి ఉంటే సరే, లేకపోతే సీలు తెంపినందుకు ఉద్యోగం ఊడుతుందన్నారు. పరీక్షించకుండా ఎక్కానని ఒప్పుకుంటే ఊడేది బావమరిది ఉద్యోగం. వాడు నేల చూపులు చూస్తూ, "అప్పటికి నేనింకా కిందే ఉన్నానండి" అన్నాడు.

ఆయనకు ఒళ్లు భగ్గుమంది. వరండాలోకి రాగానే వాడి కాలరు పట్టుకున్నాడు.

"పిల్లలు గలవాణ్ణి బావా..."

"అబద్ధమాడటానికి ప్రాణాలతో మిగిలావు, అదే పదివేలు" అని కాలరు వదిలేశాడు. "నా ఉద్యోగం ఎందుకు పోయిందో మీ అక్కకు నువ్వే చెప్పు."