ఒక కుర్చీ, ఇద్దరు వియ్యంకులు

మొన్న ఒక రిసెప్షన్‌లో, వీపున నీలిరంగు నంబరు వేసిన ఇనప మడతకుర్చీ కనిపించింది. దాని కిర్రుచప్పుడు నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది.

తొంభైలలో, రావులపాలెంలో మా పిన్ని రిసెప్షన్. పొద్దున కాఫీ చల్లారిందని పెళ్లికొడుకు తండ్రి అలిగారు. భోజనాలలోగా ఆయనను నవ్వించి తీరాలని పిల్లలం ఏకగ్రీవంగా తీర్మానించాం. అంత్యాక్షరిని తిరస్కరించి, కుర్చీలాటను ఆమోదించాం. పదేళ్ల నేను అధ్యక్షురాలిని.

ఆయననూ, పిన్ని తండ్రి అయిన మా తాతయ్యనూ, వియ్యంకులిద్దరినీ బతిమాలి ఆటలోకి దించాం. వారిని ఓడించడం మర్యాద కాదని మిగిలినవారంతా వరుసగా తప్పుకున్నారు. చివరికి ఒకే కుర్చీ మిగిలింది. పాట ఆగింది.

“కూర్చోండి బావగారూ,” అన్నారు తాతయ్య.

“అబ్బే, ముందు మీరు కూర్చోండి.”

“మీరు నిలబడుంటే నేనెలా కూర్చుంటానండి?”

పాట మళ్లీ పెట్టించి, మళ్లీ ఆపించాను. అదే సంభాషణ నడిచింది. నియమావళిలో దీనికి పరిష్కారం లేదు. మూడోసారి పాట ఆగగానే, సాయంత్రం నుంచి వేదికపై నిలబడి నమస్కారాలు పెడుతున్న పిన్ని కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగివచ్చింది.

“కాళ్లు పీకేస్తున్నాయి నాన్నా,” అంటూ ఆ కుర్చీలో కూలబడింది.

ముందుగా నవ్వింది ఆమె మామగారే.

“మా కోడలు గెలిచిందండీ,” అని ప్రకటించారు.

అంతవరకూ పిన్నిది మా పక్షం. అయినా తాతయ్య అభ్యంతరం తెలపలేదు.