ఆళ్లగడ్డ గుట్టల్లో చల్లారిన ఉగ్గాని పొట్లం

మా చెల్లెలు రూతు కొండ సైకిలు పందేలు తొక్కుతుంది. వయసు ముప్పై ఎనిమిది. గడివేముల బడిలో టీచరు. భర్త బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ పనికి వెళ్లి వారానికోసారి వస్తాడు. కూతురు పదో తరగతి. నంద్యాలలో మాది ఒకటే ఇల్లు. నేను కింద, వాళ్లు పైన. తెల్లవారక ముందే ఆమె సైకిలు మెట్లు దిగే చప్పుడుకు నేను ప్రార్థనకు లేస్తాను. సాధన అయ్యాక వంట, బస్సు, బడి, మళ్లీ బస్సు, మళ్లీ వంట. ఎప్పుడు పడుకుంటుందో నాకు తెలియదు. పోయిన నెల తరగతిలో కుర్చీలోనే నిద్రపోయిందట. పిల్లలు చప్పుడు చేయకుండా కూర్చున్నారట. ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టి, నవ్వకుండా ముగించింది. “అక్కా, ఈ ఆదివారం ఆళ్లగడ్డలో పందెం. ఒక్కసారి వచ్చి చూడు. చూసినాక మానేయమంటే మానేస్తా, తొక్కమంటే తొక్కుతా” అంది. ఇంటికి పెద్దదాన్ని. నా మాట ఎవరూ కాదనరు. ఏం చెప్పాలో మాత్రం నాకు తోచలేదు. అందుకే బయలుదేరాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులు తరచుగా ఉంటాయి. సుమారు గంట ప్రయాణం. ఆడవాళ్లం ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు డబ్బులు కూడా ఉండవు. అయితే సైకిలును బస్సులో ఎక్కించుకోరు. కాబట్టి ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. పోనూ రానూ, పందెం అయ్యేదాకా ఆగడంతో కలిపి పద్దెనిమిది వందలు. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఆటో వచ్చింది. డ్రైవరు బాషా తాడుతో సైకిలు కడుతూ, “ఏందమ్మా ఇది? సైకిలంటే మనిషిని మోయాల గదా. దాన్నే మనం మోస్తాండామే!” అన్నాడు.

“ఆడ గుట్టలో అది నన్ను మోస్తాది లేన్నా” అంది రూతు.

“మోస్తాదో, పడేస్తాదో!”

సిరివెళ్ల రాకముందే ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆదివారం ఆరాధనకు వెళ్లకుండా పందేనికి పోతున్నామే, విశ్రాంతి దినాన ఇది సరైనదేనా అని నేను మథనపడుతున్నాను. పక్కన చూస్తే, వారం మొత్తంలో ఆమె కదలకుండా ఉన్నది ఆ ఆటోలోనే. ఇక ఏది విశ్రాంతో, ఏది కాదో నాకు అంతు చిక్కలేదు.

ఆళ్లగడ్డ చేరేసరికి ఆరు కావస్తోంది. బస్టాండు దగ్గర బండి మీద ఒకావిడ ఉగ్గాని చేస్తోంది. నానిన బొరుగులకు, అంటే మరమరాలకు, ఉల్లిపాయ, పసుపు, పచ్చిమిర్చి తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెడుతుంది. ప్లేటు నలభై. బాషా తిన్నాడు. నేను ఉపవాసం. రూతుకు పందెం ఉన్న ప్రతిరోజూ, అది ముగిసిందని ఫోను వచ్చేదాకా ఏమీ ముట్టనని దేవునికి మొక్కుకున్నాను. ఇవాళా అంతే. రూతు ఒక పొట్లం కట్టించుకుంది.

“కూచోని తిను మ్మే, సన్నగా గాలికి పోయేట్టుండావు” అంది బండి ఆవిడ.

“ఆడ తింటాలే” అని రూతు ఆటో ఎక్కింది.

అక్కడి నుంచి పందెం చోటుకు ఇరవై నిమిషాలు. చివర ఎర్రమట్టి దారి, కంప చెట్లు, రాళ్లు. అదే దారిలో గుట్ట ఎక్కి దిగి మూడు చుట్లు తిరగాలి. ఆడవాళ్లలో ఎక్కువమంది రూతు కంటే చిన్నవాళ్లే. ఏడింటికి ఈల వేశారు. నేను ఒక తుమ్మచెట్టు నీడన నిలబడి ప్రార్థించాను. కళ్లు మూసుకుంటే ఆమె కనబడదని తెరిచే ఉంచాను. ఏం చెప్పమంటావు తండ్రీ అని తప్ప ఇంకేం అడగలేదు.

మొదటి చుట్టులో ఆమె ముందు వరుసలో ఉంది. రాళ్ల మీద సైకిలు ఎగురుతుంటే ఆమె ముఖం చూశాను. వంటింట్లో, బస్టాపులో ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. మానేయమని ఎలా చెప్పను అనుకున్నాను. రెండో చుట్టులో ఒక్కొక్కరే ఆమెను దాటిపోయారు. సగం ఎక్కాక దిగి సైకిలు నెట్టుకుంటూ వచ్చింది. ఇక మానేయమనే చెప్పాలి అనుకున్నాను. గంటలో రెండు నిర్ణయాలు. రెండూ నావే.

అప్పుడు బాషా పొట్లం పట్టుకుని వచ్చాడు.

“అమ్మా, ఇది సీటు మీదనే ఉండాది. ఆయమ్మ తినలే.”

“ఎందుకు తినలే?”

“నేనూ అడిగితిని. ‘మా అక్క ఉపవాసముంటే మేం యాడ తింటాం అన్నా, మా ఇంట్లో అట్ల తినరు’ అనింది.”

నిజమే. పెద్దవాళ్లు ఉపవాస ప్రార్థనలో ఉంటే చిన్నవాళ్లు ముందు తినకపోవడం మా ఇంటి పద్ధతి. ఎవరూ నేర్పలేదు, అలా వచ్చేసింది. ఇన్ని పందేలూ ఆమె ఇలాగే తొక్కిందా? ఆమె బలం కోసమే నేను పస్తు ఉంటున్నాను. నేను పస్తు ఉంటున్నానని ఆమె పస్తు ఉంటోంది. దేవునికి మొక్కిన మాట తప్పాలా, వద్దా? ఆలోచించే వ్యవధి లేదు. ఆమె మలుపు దగ్గర రాయి మీద కూలబడి ఉంది.

నేను దారి పక్కకు వెళ్లి, ఆమెకు ఎదురుగా నిలబడి పొట్లం విప్పాను. చల్లారిన ఉగ్గాని. ఒక పిడికెడు నోట్లో పెట్టుకున్నాను.

“అక్కా! ఏం చేస్తాండావ్? ఇంకా అయిపోలేదు గదా!”

“తింటాండా. కనబడలేదా? నేను తినేసినా. ఇంక నువ్వు తిను.”

“పందెంలోనా?”

“పందెంలోనే.”

వెనక బాషా, “బజ్జీ కూడా ఉండాదమ్మా, వదలద్దు!” అని అరిచాడు. రూతు నవ్వింది, ఏడ్చింది, తిన్నది. నీళ్లు తాగి మళ్లీ సైకిలెక్కింది. చివరి నుంచి రెండోదిగా వచ్చింది.

తొమ్మిదిన్నరకు తిరుగు ప్రయాణం. ఈసారి ఆమె నిద్రపోలేదు.

“చెప్పక్కా. మానేయాల్నా?”

“నాకు తెలీదు మే.”

“చూసినావు గదా?”

“చూడలే. నువ్వు కడుపునిండా తిని, కంటినిండా పండుకుని తొక్కింది నేనింకా చూడలే. అది చూసినాక చెప్తా.”

ఆమె సిరివెళ్ల దాటాక నా భుజం మీద తల వాల్చింది.

ఇది రాస్తున్నప్పటికీ నాకు స్పష్టత రాలేదు. మాట తప్పానా, ప్రార్థనకు జవాబు తిన్నానా, తెలియదు. ఆ తర్వాతి వారం నుంచి రాత్రి వంట కిందే చేస్తున్నాను, అందరికీ కలిపి. తొమ్మిదింటికి పైన దీపం ఆరుతోంది. సోమవారం తెల్లవారుజామున మాత్రం సైకిలు చప్పుడు వద్దన్నాను. ఆ రోజు నాకు మెలకువ ఆలస్యంగా వచ్చింది. మీరు ఆళ్లగడ్డ వైపు ఇలాంటి పందెం చూడబోతే ఒక మాట: గుట్ట దగ్గర ఏమీ దొరకదు, బస్టాండు దగ్గరే టిఫిను చేయండి. తొక్కేవాళ్లు మీవాళ్లయితే, వాళ్ల ఎదురుగా కూర్చుని ముందు మీరు తినండి.