ట్యాంకు మూతికి కట్టిన గుడ్డ

ఫోను లోకోషెడ్డు ఫోర్‌మన్ గదిలో మోగింది. అవతల సిద్ధగోరా నుంచి మా అక్క పక్కింటి భాయ్‌సాబ్. "ఆప్ కే జీజాజీ నహీ రహే," అన్నాడు. మా బావ ఇక లేడని. ఆ వెంటనే, "అబ్ ఇత్‌వార్ కో ముఝే కౌన్ జగాయేగా?" అని భోరుమన్నాడు. ఆదివారం తననింక ఎవరు నిద్ర లేపుతారని ఆయన బాధ. ఏళ్ల తరబడి మా బావ ఇంజను మోతకి తిట్టుకుంటూ లేచిన మనిషి ఆయన. ఆ తిట్లన్నీ మా ఇంటిల్లిపాదీ చెవులారా విన్నాం.

మా బావ, అంటే మా పెద్దక్క మొగుడు, పోయిన నెలలో వాలుకుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్లిపోయాడు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నెమ్మదస్తుడు, నిగర్వి, తప్పు చేస్తే వెంటనే ఒప్పుకునేవాడు అని రాయడం అలవాటు. మా బావ విషయంలో ఆ మూడూ అబద్ధాలే. ఉక్కు కంపెనీ మెషిన్ షాపులో ఆయన గొంతు లేతు యంత్రాల మోతని దాటి వినిపించేదట. ఇక తప్పు ఒప్పుకోవడమా! కూరలో ఉప్పు ఎక్కువేసి వండినా సముద్రానిదే తప్పనే రకం. ఆయన నోటివెంట "తప్పు నాది" అన్న మాట నేను విన్నది ఒక్కసారే. దాని గురించి చెబుదామనే ఇది రాస్తున్నాను.

శ్రీకాకుళం నుంచి వచ్చి ఇనుములో పడ్డవాళ్లం మేం. ఆయన కంపెనీలో, నేను టాటానగర్ రైల్వేలో. జుగ్‌సలాయి పాత ఇనుము దుకాణంలో ఆయనకి ఆ ఇంజను దొరికింది. యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు మిలిటరీవాళ్లు వదిలిపోయిన మోటారుసైకిల్‌ది. ఒకటే సిలిండరు, తుప్పుతో పట్టేసి ఉంది. నాకు పాత ఇనుములా కనిపించింది. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికేటీ అవనేద్రా బామ్మర్దీ. పడుకున్నాదంతే," అన్నాడు.

ధల్‌భూమ్‌గఢ్ దాటాక సాల్ చెట్ల మధ్య, యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన సిమెంటు రన్‌వే ఒకటుంది. ఏడాదికోసారి మోటారుసైకిళ్ల పిచ్చివాళ్లు కలకత్తా నుంచి, రాంచీ నుంచి, మా ఊరి నుంచి అక్కడ చేరేవారు. పందెం ఒకరితో ఒకరికి కాదు, గడియారంతో. ఒక్కొక్కరే దూరం నుంచి వేగం అందుకుని రావాలి. రెండు జెండాల మధ్య దూరాన్ని ఎంతసేపట్లో దాటావన్నదే లెక్క. గంటకి నూరు మైళ్లు దాటినవాడి పేరు నల్లబల్ల మీద సుద్దతో రాసేవారు. సాయంత్రం వానొస్తే ఆ పేరు కాస్తా పోయేది. ఆ సుద్దరాత కోసం మా బావ తిండీ నిద్రా మానేశాడంటే మీరు నవ్వొచ్చు. మేమూ నవ్వాం.

ఆయన భారీ మనిషి కావడంతో ఆ ఇంజను బిగించిన బండి మీద కూర్చునే భాగ్యం నాకు దక్కింది. "నువ్వు కూకుంటే ఇంజనుకి తెలీనే తెలీదురా," అన్నాడు. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి ఏడాది ఏమైందో ముందు చెప్పాలి. రన్‌వే సగంలో ఇంజను పట్టేసింది. చక్రం బిగుసుకుపోయి నేను ఎగిరిపడ్డాను. భుజం ఎముక విరిగింది. బావ పెట్రోలు బంకువాణ్ణి తిట్టాడు, కిరసనాయిలు కలిపాడని. ఎండని తిట్టాడు. పక్కింటి భాయ్‌సాబ్ దిష్టి అన్నాడు. అక్క మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. నా కట్టు ఊడదీసిన రోజున భర్త ఎదురుగా నిలబడి ఒకే మాట చెప్పింది. "ఇంకొక్కపాలి. నా తమ్ముడి ఒంటి మీద గీత పడినాదంటే ఆ ఇంజను పాతినుము కబాడీకి ఎలిపోవాల. మళ్లీ ఈ పెరట్లో ఇనప ముక్క కనపడకూడదు." మా అక్క అన్నదంటే అన్నట్టే. అది బావకి నాకంటే బాగా తెలుసు.

ఇక చూడాలి ఆయన తంటా. ఇంజను మళ్లీ మొదటి నుంచి కట్టాడు. గమ్హరియాలో తెలిసినవాళ్ల చిన్న ఫౌండ్రీ ఉంటే అక్కడ కొత్త పిస్టన్ పోత పోయించాడు. మొదటిదాన్ని గోటితో కొట్టి, శబ్దం నచ్చక, వాళ్ల మొహాన్నే పడేసి వచ్చాడు. రెండోది తెచ్చి కంపెనీ లేతు మీద కాదు, ఇంటి పెరట్లోనే చేత్తో రుద్ది రుద్ది సరిచేశాడు. "ఏడవాల్సిందేదో పెరట్లోనే ఏడవాల. రన్‌వే మీద కాదు," అనేవాడు.

ఆ ఏడిపించే పద్ధతి చెబుతాను. పెరట్లో సిమెంటులో పాతిన ఇనప చట్రం మీద ఇంజను. దాని ఇరుసుకి ఒక డ్రమ్ము. డ్రమ్ము చుట్టూ లావుపాటి తాడు. తాడు ఒక కొస పైన స్ప్రింగు త్రాసుకి, ఇంకో కొసకి అగ్రికో బజారు కిరాణా దుకాణం నుంచి అరువు తెచ్చిన తూకపు రాళ్లు. రాయి మీద రాయి తగిలించినకొద్దీ తాడు డ్రమ్ముని బిగపడుతుంది, ఇంజను దాన్ని తోసుకుని తిరగాలి. ఎంత తోస్తే అంత బలం. తిరిగి తిరిగి డ్రమ్ము కాలిపోతుంది కాబట్టి పక్కనే నిలబడి ఎవరో ఒకరు నీళ్లు పోస్తుండాలి. ఆ ఎవరో ఒకరు మా అక్క. చెంబుతో పోస్తూ, "కోడలిగా వచ్చాననుకున్నాను గానీ ఇంజనుకి తానాలు పోయించడానికి తెత్తన్నారని నాకెవులు సెప్పినారు?" అని గొణిగేది. గొణుగుతూనే ఆ మోతలో ఏ కొంచెం తేడా వచ్చినా బావకంటే ముందు చెయ్యెత్తేది.

మొదలుపెట్టే ముందు ఆయన గోడ మీంచి, "భాయ్‌సాబ్, పంద్రహ్ మినట్!" అని కేకేసేవాడు. ఆ పదిహేను నిమిషాలూ మధ్యాహ్నం భోజనాల దాకా సాగేవి. ఆపాక ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి, దాని కొసని అక్కకి చూపించేవాడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, తెల్లగా ఉంటే చాలక లోపల కాలిపోతోందని అర్థం. సరైన రంగుకి పేరు పెట్టింది అక్కే, వేపిన సెనగపప్పు రంగని. ఆ ఏడాదంతా ఆదివారాలు ఆ రంగు కోసమే గడిచాయి. అది వచ్చిన రోజున ఆయన పేపరు చదివినంత శ్రద్ధగా ప్లగ్గుని చదువుకుంటూ వాకిట్లో కూర్చున్నాడు.

ఆ ఏడు పరుగు విశ్వకర్మ పూజ మర్నాడు పడింది. పూజ రోజున మా ఊళ్లో ఎవరూ పనిముట్టు ముట్టరు. లేతుకీ దండే, క్రేనుకీ దండే, రిక్షాకీ దండే. దేవుడనే మాటెత్తితే విసుక్కునే మా బావ ఈ ఒక్క విషయంలో మహా నిష్ఠాపరుడు. పూజ ముందురోజు ఆయన ఇంజనుని బండికి బిగించి, పెట్రోలు ట్యాంకు కడిగాడు. పెట్రోలు ధారగా దిగాలని అడుగున కుళాయిలాంటి కాక్ దగ్గరుండే సన్నటి జాలీ పీకేశాడు. ఆరాలని మూత తీసి ఉంచాడు. ఈలోగా షిఫ్టుకి వేళయింది, వెళ్లిపోయాడు. పూజ రోజు పొద్దున్న నేను, "మూత పెట్టేద్దామా బావా?" అంటే గుడ్లురిమాడు. "ముట్టకు. ఇయ్యాల పండగ."

అక్క తలంటుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చింది. పసుపు, కుంకుమ, మందారాల దండ. గుప్పెడు నిండా అక్షింతలు నా నెత్తి మీద వేసింది, ఆయన నెత్తి మీద వేసింది, బండి మీద కుమ్మరించింది. "నా తమ్ముణ్ణి నిలబెట్టి తీసుకురా తల్లీ," అని ఇంజనుకి దణ్ణం పెట్టింది. నేనూ చేతులు జోడించాను.

తెల్లవారుజామున మూత బిగించి, పెట్రోలు పోసి, అడిగి తెచ్చిన వ్యానులో బండి ఎక్కించుకుని వెళ్లాం. అసలు పరుగుకి ముందు ఒకసారి సాధనగా పోనిచ్చాను. చేతిపిడి సగం తిప్పి రేసిచ్చినంత దాకా వెన్నలా వెళ్లింది. పూర్తిగా తిప్పేసరికి ఒక దగ్గు. ఇంకో దగ్గు. కిందటేడు విరిగిన ఎముక నాకంటే ముందు కనిపెట్టింది. క్లచ్ నొక్కి నెమ్మదిగా వెనక్కి వచ్చేశాను.

బావ ప్లగ్గు విప్పాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

చుట్టూ జనం మూగారు. తలో సలహా. మబ్బులు కమ్ముతున్నాయి. గడియారాలు పట్టుకున్న కలకత్తా ఆయన, "అభీ నహీ తో అగ్లే సాల్," అన్నాడు. ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడేనట. నాకూ పంతం వచ్చింది. "పోనీ బావా, ఒక్కసారి లాగించేస్తాను, దగ్గితే దగ్గింది," అన్నాను.

"కూకో," అన్నాడు బావ. "నిన్ను తీసికెళ్లి మీ అక్క సేతిలో పెట్టాల నాను. వోళ్లందరినీ ఎల్లనీ. ఆఖర్న ఎల్దాం, లేకపోతే లేదు."

అంతే, నేల మీద చతికిలబడి ఒక్కొక్కటే విప్పుతూ వచ్చాడు. మా ముందు నుంచి బళ్లు వెళ్తూనే ఉన్నాయి. ఆయన తలెత్తలేదు. ట్యాంకు అడుగున కాక్ విప్పి అరచేతిలో దులిపితే రెండు మూడు గింజలు రాలాయి. పసుపు పచ్చటి బియ్యపు గింజలు. జాలీ లేకపోవడంతో నేరుగా దిగి రంధ్రంలో ఇరుక్కున్నాయి. నెమ్మదిగా పోయేటప్పుడు పెట్రోలు సందు చేసుకుని వస్తోంది. పూర్తిగా రేసు ఇచ్చేసరికి చాలడం లేదు. ఇంకొంచెం దూరం అలాగే లాగించి ఉంటే పిస్టన్ కరిగి పట్టేసేది, నేను మళ్లీ ఎగిరేవాణ్ణి.

"అక్క అక్షింతలు బావా!" అని పకపకా నవ్వేశాను. ఇంక చూసుకోండి, ఇంటికెళ్లాక అక్కకి మూడిందే అనుకున్నాను. పెట్రోలు బంకునీ ఎండనీ వదలని మనిషి, ఇంత బంగారంలాంటి అవకాశం వదులుతాడా?

ఆయన నవ్వలేదు. ఆ గింజల్ని వేలితో మెల్లగా కదిపాడు. "జాలీ పీకిందెవులు? నాను. మూత ఒగ్గేసిందెవులు? నాను. అక్షింతలది తప్పేటున్నాది? తప్పు నాది." గింజల్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. "మీ అక్కకి సెప్పకు. తెలిసినాదంటే ఇంకెవులి నెత్తినా అక్షింతలెయ్యడానికి దానికి సెయ్యి రాదు."

అదీ మా బావ. మనసులో ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను, పైకి మాత్రం, "జాలీ ఎక్కణ్ణుంచి తెస్తావు?" అన్నాను.

అక్కడో టీకొట్టు ఉంది. బావ నేరుగా వెళ్లి వాడి చేతిలోని టీ వడగట్టే జాలీ లాక్కున్నాడు. వాడు "అరే మేరీ ఛన్నీ!" అని వెంటపడ్డాడు. ఈయన నడుస్తూనే కత్తెరతో దాన్ని ముక్క కోసేశాడు. పెట్రోలంతా చేతిరుమాలులో వడగట్టాం. జాలీ ముక్క కాక్ మీద బిగించాం. ఆ తర్వాత అక్కడివాళ్లంతా టీ పొడితో సహా టీ తాగారు.

ఆఖరి బండి మాదే. రేసు మొత్తం తిప్పాను, ఇంజను ఒకటే గొంతుతో పాడింది. దగ్గలేదు, తడబడలేదు. సాల్ చెట్లు రెండు పక్కలా పచ్చటి గోడలైపోయాయి. నాకు భయం వేయలేదు. ఎందుకు వేస్తుంది? ఆ ఇంజనులో ప్రతి నట్టూ ఎవరు బిగించారో నాకు తెలుసు. వెనక్కి వచ్చేసరికి బల్ల మీద సుద్దతో మా పేరు రాస్తున్నారు. నూరు దాటాం. అందరూ చప్పట్లు కొడుతుంటే బావ అటు చూడనే లేదు. ప్లగ్గు విప్పి నా ముక్కు దగ్గర పెట్టాడు. వేపిన సెనగపప్పు.

ఇంటి గుమ్మంలో అక్క. బండి వైపు చూడలేదు, నన్ను పై నుంచి కింద దాకా చూసింది, భుజం తడిమింది. ఆ తర్వాతే ఊపిరి తీసుకుంది.

"నూరు దాటినాదే!" అన్నాడు బావ.

"సంతోసం. ఇంతాలీసం ఎందుకైనాది?"

"ప్లగ్గుకి మురికి పట్టినాది," అన్నాడు రెప్ప వాల్చకుండా.

ఇంజను కబాడీకి వెళ్లలేదు. పెరట్లోనే ఉండిపోయింది, ఆదివారాలు మోగుతూ, భాయ్‌సాబ్‌ని లేపుతూ. మరుసటి ఏడాది నుంచి పూజ ముందురోజు బావ ఒక కొత్త పని పెట్టుకున్నాడు. పాత ఖాకీ చొక్కా గుడ్డ ఒకటి ట్యాంకు మూతికి చుట్టి, రెండు ముళ్లు వేసి, దాని మీద మూత పెట్టేవాడు. అప్పుడు, "ఒలే, రా! ఎన్ని అక్షింతలెయ్యగలవో ఎయ్యి!" అని పిలిచేవాడు. అక్క గుప్పిళ్లతో కుమ్మరించేది. నేను పక్కకి తిరిగి నవ్వుకునేవాణ్ణి.

మొన్న విశ్వకర్మ పూజ వెళ్లింది. మైల ఇల్లు కదా, ఏడాది దాకా పండగల్లేవు. ఒంటరిగా ఉందని ముందురోజు సాయంత్రం చూడ్డానికి వెళితే అక్క పెరట్లో ఉంది. ఇంజను తుడిచి ఉంది. ఆమె చేతిలో ఆ ఖాకీ గుడ్డ.

"పూజ లేదు కదక్కా, ఇప్పుడు గుడ్డెందుకు?" అన్నాను.

అక్క నా వైపు తిరగలేదు. "ఒరే తమ్ముడా, ప్లగ్గుకి మురికి పడితే ట్యాంకికి గుడ్డ కడతార్రా ఎవులైనా? గుడ్డ కట్టిన మొదటేడే తెలిసినాది నాకు. సెప్తే సిన్నబోతాడని ఊరుకున్నాను."

గుడ్డని ట్యాంకు మూతి చుట్టూ బిగించి, ఆయన వేసినట్టే రెండు ముళ్లు వేసింది. మూత పెట్టింది. ఆ తర్వాత అక్షింతలు లేని చేత్తో ట్యాంకుని కాసేపు నిమురుతూ ఉండిపోయింది.